తొట్టి ఖాళీ అయ్యేదాకా

ఈ సంగతి నేను ఎత్తుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు మధ్యలోనే ఆపేశారు. చిన్నప్పుడు చెప్పబోతే పెద్దల మాటల్లో దూరొద్దన్నారు. పెళ్లయ్యాక భార్యకు చెబుదామనుకుంటే అప్పటికే మా చెల్లెలు తన పద్ధతిలో చెప్పేసింది, ఇద్దరూ కలిసి నవ్వుకోవడం కూడా అయిపోయింది. చుట్టాలు కలిసినప్పుడల్లా మా ఇంట్లో ఈ కథ ఒకసారి నడుస్తుంది. అందరూ చెబుతారు, ఆ రోజు అక్కడ లేనివాళ్ళు కూడా చెబుతారు. ఆ బంతులు తగిలింది నాకు. నన్ను మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొన్న వేసవి సెలవుల్లో చెల్లెలి పిల్లలను హైదరాబాదులో ఒక పెద్ద మాల్‌కు తీసుకెళ్ళాం. పై అంతస్తులో ఆటల గది. అందులో ఒక మూల వల కట్టి, లోపల బంతులు విసిరే యంత్రం పెట్టారు. అది తిరిగే చప్పుడు వినగానే నా ఎడమ చెయ్యి దానంతట అదే కడుపులోకి ముడుచుకుంది. పక్కన కుర్చీలో మా బాపు కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర మీద గడ్డం ఆనించి పిల్లలతో అంటున్నాడు:

"గిసొంటి మిషిన్ ముందలనే మీ మామ డాన్సు చేసిండు. అమెరికోళ్ళంత చప్పట్లు కొట్టిండ్రు."

పిల్లలు నవ్వారు. చెల్లెలు నవ్వింది. నా భార్య నవ్వుతూనే నావైపు చూసి, "మొహం గంటు పెట్టుకున్నారు చూడండి" అంది. నేను లేచి ఎస్కలేటర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. ఎక్కడికి పోయావని ఒక్కరూ రాలేదు.

అందుకే రాస్తున్నాను. కాగితాన్ని మధ్యలో ఆపేవాళ్ళెవరూ లేరు.

అప్పుడు మేము గల్ఫ్‌లో, దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో ఉండేవాళ్ళం. కొండల కింద రాళ్ళ క్వారీ, బాపు అందులో క్రషర్ మెకానిక్. కొండను పేల్చి తెచ్చిన బండలు పైనుంచి ఒక ఇనుప తొట్టిలో పడేవి. కింద రెండు ఉక్కు దవడలు వాటిని నమిలి కంకర చేసేవి. మా రేకుల గది క్వారీకి దూరంగానే ఉండేది. అయినా ఆ దుమ్ము తప్పేది కాదు. అమ్మ అన్నం గిన్నె మీద మూత, మూత మీద గుడ్డ, గుడ్డ మీద పళ్ళెం పెట్టేది. అయినా అన్నం పంటికింద కరకరమనేది. అక్కడి గాలిలో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి. డీజిలు, సున్నపురాయి దుమ్ము, సాయంత్రమైతే సముద్రం వైపు నుంచి ఎండుచేపలు.

బాపును నేను సరిగ్గా చూసింది అక్కడే. నేను పుట్టిన కొన్నాళ్ళకే ఆయన దుబాయ్ పోయాడు. మా కరీంనగర్ వైపు ఏ దేశం పోయినా దుబాయే. మధ్యమధ్య సెలవు మీద వచ్చేవాడట, చెల్లెలు అలా వచ్చినప్పటి పిల్ల. నాకు మాత్రం గోడమీది ఫోటోలో ఉండే మనిషే బాపు. మమ్మల్ని పిలిపించుకున్నప్పుడు విమానాశ్రయంలో అమ్మ "గాయినెనే మీ బాపు" అని చూపిస్తే, నేను ఆయన పక్కన నిలబడ్డ వేరే మనిషికి దండం పెట్టాను. ఇది కూడా మావాళ్ళకు నవ్వులాటే. ఎదిగిన మనుషులు, ఒక పిల్లాడికి తండ్రి మొహం తెలియకపోవడంలో నవ్వాల్సింది ఏముందో ఒక్కరూ చెప్పరు.

మొదట్లో ఆయనంటే భయం. గొంతు పెద్దది. క్రషర్ మోతలో అరిచి అరిచి మామూలుగా మాట్లాడటం మర్చిపోయాడు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి, సబ్బులో ఇసుక కలిపి చేతులు తోముకుని, నారింజపండు ఒలిచేవాడు. తొక్క తెగకుండా ఒకే పొడుగాటి రిబ్బన్‌లా ఒలిచి చెల్లెలి మెడలో వేసేవాడు. తొనలు నాకు. నల్లటి గీతలు పడ్డ ఆ వేళ్ళకు నారింజ వాసన, దాని కింద గ్రీజు వాసన. మెల్లగా ఆ వాసనకు అలవాటు పడ్డాను. అమ్మ చూడకుండా పాలపొడి డబ్బాలో తడి వేలు ముంచి నాకుతుంటే ఒకరోజు ఆయనే పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. తనూ ఒక వేలు ముంచి, "మీ అవ్వకు చెప్పకు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నా బాపు.

సాయంత్రం పని ముగిసేవేళ ఒక్కోసారి చాయ్ ఫ్లాస్కు పట్టుకుని క్వారీకి పోయేవాణ్ణి. కంచె దాటి లోపలికి రానిచ్చేవాడు కాదు. అక్కణ్ణుంచే చూసేవాణ్ణి. పని ఆపే సమయానికి లారీలు బండలు పోయడం మానేసేవి. బాపు స్విచ్చు దగ్గర నిలబడి ఎడమ అరచెయ్యి పైకెత్తేవాడు. ఆ చెయ్యి లేస్తే అందరూ ఆగాలి. క్రషర్ మాత్రం తిరుగుతూనే ఉండేది. తొట్టిలో ఉన్న చివరి రాయి నలిగి, మోత మారి, దవడలు ఖాళీగా కొట్టుకుంటున్న చప్పుడు వచ్చాక గానీ ఆయన స్విచ్చు నొక్కేవాడు కాదు.

"పని అయిపోయింది గద బాపూ, ముందే ఆపరాదా?" అని అడిగాను ఒకసారి.

"నోట్లె రాయి ఉండంగ ఆపద్దు కొడుకా. ఆపితే పొద్దుగాల మళ్ళ తిరగది. మనిషి లోపల్కి దిగి చేత్తోని తియ్యాలె. గట్ల దిగినోడే చేతులు పోగొట్టుకుంటడు. గా పఠాన్ తాతను చూసినవ్ గద?"

చూశాను. ఆ తాతకు కుడిచేతికి బొటనవేలొక్కటే మిగిలింది. నేను కనబడితే ఆ వేలితోనే నా బుగ్గ మీద పొడిచి నవ్వేవాడు. ఆ రాత్రుళ్ళు నాకు కలలో దవడలు వచ్చేవి.

శుక్రవారం సెలవు. క్యాంపు నుంచి మా ఊళ్ళవాళ్ళు అమ్మ చేతి వంట తినడానికి వచ్చేవాళ్ళు. పెళ్ళాంపిల్లలను తెచ్చుకున్నది బాపు ఒక్కడే కాబట్టి మా గదే అందరికీ ఇల్లు. అమ్మ మక్కపిండితో రొట్టెలు, ఎల్లిపాయ కారం, కోడికూర చేసేది. వాళ్ళు నేల మీద వరసగా కూర్చుని తింటూ మాట్లాడుకునేవాళ్ళు. ఎవరి మేస్త్రి మంచోడు, ఎవరిని పనిలోంచి ఖలాస్ చేసి ఊరికి పంపారు, ఎవరి కఫీల్ ఎలాంటివాడు. కఫీల్ అంటే మన వీసాకు పూచీ ఉన్న అరబ్బు అసామి. మా విషయంలో ఆ కఫీల్ ఎప్పుడూ కనబడడు. క్వారీని నడిపే ముదీర్, లెబనాన్ మనిషి, ఆయన చెబితేనే కఫీల్ వీసా పొడిగిస్తాడు.

ఆ నెల మా వీసా గడువు అయిపోతోంది. బాపుది కాదు, అమ్మదీ నాదీ చెల్లెలిదీ.

తెర వెనక పడుకుని నిద్ర నటిస్తూ అన్నీ విన్నాను.

"ముదీర్ ఏమంటుండు అన్నా?" అని ఒకతను.

"ఏమంటలేడు. ఆలోచిస్త అంటుండు" అన్నాడు బాపు.

"గాయిన మనసు గాడిద లెక్క," అన్నాడు ఒక ముసలి మేస్త్రి. "యాడ నిలబడ్తదో తెల్వది, యాడ తంతదో తెల్వది."

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. "పంపితే మళ్ళ ఎన్ని ఏండ్లకో" అన్నాడు, మెల్లగా. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని నాకు అప్పుడే తెలిసింది. తిరిగి పోతే బాపు మళ్ళీ ఫోటో అయిపోతాడు. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆ వారంలోనే ముదీర్ బాపును పిలిచి, వచ్చే శుక్రవారం పెళ్ళాంపిల్లలను తీసుకుని రమ్మన్నాడు. దుబాయ్ దాటాక ఎడారిలో అమెరికావాళ్ళు తమ బేస్‌బాల్ ఆటకోసం ఒక మైదానం కట్టుకున్నారు. దాని రోడ్డుకు కంకర మా క్వారీ నుంచే వెళ్ళింది. ఆ ఆట సామాన్లన్నీ చూపించే సంబరం ఒకటి అక్కడ పెట్టారట. ముదీర్ తన కుటుంబంతో వస్తున్నాడు, మమ్మల్నీ రమ్మన్నాడు. బాపుకు అది ఆహ్వానంలా వినిపించలేదు, పరీక్షలా వినిపించింది. "మనల్ని చూస్తాడట" అన్నాడు అమ్మతో.

కంపెనీ పికప్‌లో బయలుదేరాం. ముందు సీట్లో బాపు, అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లెలు. నన్ను వెనక, పాత టైరు పక్కన, అన్నం డబ్బాలకు కాపలా కూర్చోబెట్టారు. ముందు చోటుందని నేను ఇప్పటికీ అంటాను. దారంతా కుడివైపు సముద్రం మెరుస్తూ వచ్చింది. ఒంటెలు రోడ్డుకు అడ్డం పడితే బాపు హారన్ కొట్టకుండా వాటికి మర్యాదగా ఆగేవాడు. ఎండకు పికప్ రేకు కాలి తొడలు చురుక్కుమనేవి. షార్జా చౌరస్తాల దగ్గర నేను పక్కకు వంగి కక్కుకుంటే, బాపు బండి ఆపి నా మూతి తుడిచాడు. అప్పుడే మా ఇద్దరికీ పాఠం చెప్పాడు.

"సలాం అనుండ్రి. ఏమిచ్చినా వద్దనకుండ్రి. ఏం చెయ్యిమంటె గది చెయ్యిండ్రి. భయపడ్డట్టు కనబడద్దు. సమజైందా?"

"పోరగాండ్లను గంతగనం బెదిరియ్యకు" అంది అమ్మ.

"బెదిరిస్తలేను. చెప్తున్న."

నేను మళ్ళీ వెనక టైరు పక్కకు ఎక్కి కూర్చున్నాను.

మైదానం గేటు దగ్గరే ఒక బ్యాటు నిలబెట్టారు, తాటిచెట్టంత. కర్రతో చేసి, నున్నగా వార్నిష్ పూశారు. దాని నీడలో మనుషులు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. లోపల పొడుగాటి గుడారం, చల్లటి గాలి, అందులో కొత్త చెప్పుల దుకాణం వాసన. తోలు తొడుగులు వరసగా వేలాడదీశారు. ఒక తొడుగు మా మంచమంత ఉంది. దాని అరచేతిలో పిల్లలను కూర్చోబెడుతున్నారు. చెల్లెలు ఎక్కి పడుకుంది. ఒక తొడుగును బాపు తిరగేసి చూసి, "దీని జోడు యాడున్నది?" అని అక్కడున్న మలయాళీ మనిషిని హిందీలో అడిగాడు.

"ఒకే చేతికి ఉస్తాద్. రెండో చెయ్యి విసరడానికి."

"గంత ఉన్నోళ్ళు, రెండో చేతికి తోలు దొరకలేదా" అన్నాడు బాపు మాతో తెలుగులో.

బంతి పట్టేవాడి మొహానికి కట్టుకునే ఇనుప జాలీ చూసి అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిదేందే, మనిషికి చిక్కమా? ఎద్దుకు కదా కడ్తరు." అందరం నవ్వాం. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ముదీర్ వచ్చాడు. పెద్ద పొట్ట, అత్తరు వాసన, పక్కన పెళ్ళాం, నా ఈడు కొడుకు. వెనక వాళ్ళ ఇంట్లో పనిచేసే గోదావరి జిల్లా అత్త, చంకలో ముదీర్ చంటిపాపతో. అమ్మను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. "తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందండీ! ఆయ్, ఈ పాప నోట కూడా అరబ్బీయే" అంది. మేము సలాం చెప్పాం. ముదీర్ నా తల మీద చెయ్యి వేసి ఊపాడు. తన కొడుక్కి నారింజ షర్బత్ ఇప్పించాడు, మా చెల్లెలికీ ఇప్పించాడు. నాకు ఇప్పించలేదు. మర్చిపోయాడని అమ్మ అంటుంది. సరే.

గుడారం వెనక వల కట్టిన పొడుగాటి పంజరం. ఒక చివర తలుపు, తలుపు దగ్గరే ఆడేవాడు నిలబడే చోటు. రెండో చివర వల బయట యంత్రం. దాని రెండు రబ్బరు చక్రాలు ఎదురెదురుగా గిర్రున తిరిగేవి. పైన ఒక తొట్టి నిండా తెల్లటి బంతులు. తొట్టి నుంచి ఒక్కో బంతి చక్రాల మధ్య పడి, వలలో ఉన్న కంత లోంచి దూసుకొచ్చేది. రెండు చక్రాలు, పైన తొట్టి. నాకు వెంటనే క్రషర్ కనబడింది.

ముందు ముదీర్ కొడుకు ఆడాడు. మలయాళీ మనిషి వాడికోసం వేగం తగ్గించి, ఒక్కో బంతికి మధ్య ఆగి ఆగి వదిలాడు. వాడు రెండు మూడు కొట్టాడు. చప్పట్లు. తర్వాత ముదీర్ నావైపు వేలు చూపించాడు.

"ఉస్తాద్, తుమ్హారా వలద్! యల్లా, యల్లా!"

వలద్ అంటే కొడుకు, యల్లా అంటే పదమని. నేను బాపు పంట్లాం పట్టుకున్నాను. "బాపూ, నాకద్దు. భయమైతుంది."

బాపు వంగి నా వేళ్ళు విప్పాడు. "ఏం గాదు. పో. ముదీర్ చూస్తుండు."

తల మీద టోపీలాంటిది బోర్లించారు. అది పెద్దలది, కళ్ళమీదికి జారింది. బ్యాటు గుండ్రంగా ఉంది. క్వారీలో పాకిస్తానీలు శుక్రవారాలు క్రికెట్ ఆడేవాళ్ళు, నాకు తెలిసిన ఆట అదే. బ్యాటు కొస నేలకు ఆనించి వంగి నిలబడ్డాను. చుట్టూ అమెరికావాళ్ళు నవ్వారు. బంతి నేలకు తగిలి లేచి వస్తుందని ఎదురు చూశాను. అది నేలను తాకలేదు. సరిగ్గా నా చెవి పక్కన గాలిని కోసుకుంటూ పోయి వెనక వలకు కొట్టుకుంది. బ్యాటు చేతిలోంచి జారిపోయింది.

అప్పుడే నా చొక్కా ఎవరో లాగారు. చెల్లెలు. కిందపడ్డ బంతి ఒకటి ఏరుకుని, నాకిద్దామని తలుపు సందులోంచి లోపలికొచ్చేసింది. తలుపుకు బయటి నుంచి స్ప్రింగు కొక్కెం. తలుపు దానంతట అదే మూసుకుని, కొక్కెం పడిపోయింది.

యంత్రం దగ్గర తొట్టిలో ఏదో అడ్డుపడి బంతులు ఆగాయి. మలయాళీ మనిషి కర్రతో పొడిచాడు. అడ్డు తొలగింది. తొలగడమే కాదు, ఒక్కో బంతినీ ఆపే రేకు కూడా ఊడి పక్కకు వేలాడింది. బంతి వెనక బంతి చక్రాల్లో పడసాగింది. ఆ మనిషి భయపడి, యంత్రం తెచ్చిన తెల్లవాణ్ణి పిలుస్తూ గుడారం వైపు పరుగెత్తాడు.

మొదటిది నా తొడకు తగిలింది. రెండోది టోపీకి. చెవుల్లో గంట కొట్టినట్టయింది. చెల్లెలు కెవ్వున అరిచి నేలమీద ముద్దగా కూర్చుండిపోయింది. దాన్ని లేపబోయాను, లేవలేదు. అమ్మ తలుపు పట్టుకుని గుంజుతోంది. కొక్కెం ఎటు నొక్కాలో ఆమెకు తెలియదు. "ఆపుండ్రి! ఎవలన్నా ఆపుండ్రి!" అని అరుస్తోంది.

ముదీర్ గొంతు వినబడింది. "ఉస్తాద్! షూఫ్ మషీన్! తుమ్ దేఖో!"

బాపు యంత్రం దగ్గరికి పరుగెత్తాడు. అది చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. మా బాపు ఉన్నాడు. ఎంత పెద్ద యంత్రమైనా ఆయన చేతికింద ఆగుతుంది, నా కళ్ళతో చూశాను. ఆయన కుడిచెయ్యి స్విచ్చు మీద పెట్టాడు. పెట్టడం చూశాను. చక్రాల వైపు వంగాడు, తొట్టి చూశాడు, తలెత్తి మా వైపు చూశాడు.

ఎడమ అరచెయ్యి పైకెత్తాడు.

"ఏక్ మినిట్ ముదీర్. ఖాలీ హోనే దో."

నేను చెల్లెలి మీద బోర్లా పడ్డాను. తల దాచుకున్నాను. వీపు మీద, నడుము మీద, పిరుదుల మీద బంతులు తగులుతున్నాయి. ప్రతి బంతికీ ముందు చక్రాల సన్నటి ఏడుపు వినబడేది, ఆ వెంటనే దెబ్బ. ఆ ఏడుపు వినబడగానే ఒళ్ళంతా బిగుసుకునేది. దెబ్బకన్నా అదే ఎక్కువ భయం. తల కాపాడుకుందామని ఎడమచెయ్యి పైకి పెట్టాను. ఒక బంతి మోచేతికి తగిలి, లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడు నాకొక్కడికే వినబడి ఉంటుంది. నేను లేవబోయాను, పడ్డాను, మళ్ళీ లేవబోయాను. దాన్నే డాన్సు అంటున్నారు.

తొట్టి ఖాళీ అయింది. చక్రాలు ఉత్తగా తిరుగుతున్న చప్పుడు వచ్చింది. అప్పుడు బాపు స్విచ్చు నొక్కాడు.

ఆ తర్వాత చప్పట్లు. తెల్లవాడు పరుగున వచ్చి, యంత్రం చుట్టూ తిరిగి చూసి, ఏమీ పాడవలేదని బాపు చేతిని రెండు చేతులతో ఊపాడు. ముదీర్ ఆయన వీపు చరిచాడు. "అమెరికీ మషీన్, హిందీ ఉస్తాద్!" అని అందరికీ వినబడేలా అన్నాడు. హిందీ అంటే అక్కడ ఇండియావాడని. తన టోపీ తీసి బాపు తలమీద పెట్టాడు.

తలుపు తీసింది గోదావరి అత్త. చంటిపాపను ముదీర్ పెళ్ళాం చేతిలో పెట్టేసి, కొక్కెం ఒక్క గుద్దు గుద్ది తెరిచింది. "ముందు పిల్లాడి చెయ్యి చూడండి బాబూ! ఆ మిషను ఎక్కడికీ పోదు!" అని అరిచింది. తెలుగు తెలిసినవాళ్ళం అక్కడ మేమే. బాపుకు వినబడే ఉంటుంది. ఆయన టోపీ సర్దుకుంటూ ముదీర్ మాట వింటున్నాడు.

తిరుగు ప్రయాణంలో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. అమ్మ కొంగు చింపి నా చేతికి కట్టింది. చెల్లెలు నిద్రపోయింది. బాపు ఒకచోట బండి ఆపి, నారింజ ఒలిచి నా నోటికి అందించాడు. నేను మూతి తిప్పుకున్నాను. ఆ తొనను ఆయన కిటికీలోంచి పారేశాడు.

ముదీర్ మరుసటి వారమే కఫీల్‌తో మాట్లాడాడు. మేము ఇంకా కొన్నేళ్ళు అక్కడే ఉన్నాం. చేతి కట్టు విప్పాక మోచెయ్యి పూర్తిగా చాచడం రాలేదు. ఇప్పటికీ రాదు. క్యాంపు మనుషులు దానికి అమెరికా చెయ్యి అని పేరు పెట్టారు. అన్నం తింటూ "ఏమోయ్ అమెరికా, గా నీళ్ళ చెంబు అందుకో" అనేవాళ్ళు. బాపు కూడా నవ్వేవాడు. ఎవరెవరు ఆ మాట అన్నారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

కొన్నాళ్ళకు ముదీర్ పెళ్ళాం పంపిన ఖర్జూరాలు పట్టుకుని గోదావరి అత్త మా గదికి వచ్చింది. అమ్మ చాయ్ పెడుతుంటే నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. నా చెయ్యి నిమురుతూ మెల్లగా అంది:

"నీకు చెప్పాలో వద్దో తెలీదు నాయనా. నేను ఎదురుగానే ఉన్నాను గదా. మీ నాన్నగారు మిషను వంక చూడలేదు. మీ వంకే చూసేరు, అది ఖాళీ అయ్యేదాకానూ. ఒళ్ళంతా వణుకుతానే ఉంది. చెయ్యి మాత్రం దించలేదు."

అందాకా నేను, ఆ ఒక్క చూపు తప్ప, బాపు యంత్రాన్నే చూశాడని అనుకునేవాణ్ణి. అలా అనుకోవడమే నాకు హాయిగా ఉండేది. ఆవిడ ఆ హాయి పట్టుకుపోయింది. ఆవిడ మాట అబద్ధమని కూడా అనుకుని చూశాను. అబద్ధం చెప్పడానికి ఆవిడకేం పని?

అమ్మను అడిగాను. "గా ముచ్చట తియ్యకు. తీస్తే నాకు చేతులాడయి" అంది. అమ్మ పోయేదాకా అదే మాట. చెల్లెల్ని అడిగితే తనకేం గుర్తులేదంటుంది. గుర్తులేని మనిషి ఆ కథ అంత వివరంగా ఎలా చెబుతుందో నాకు తెలియదు. తన మీద బోర్లా పడిందెవరో మాత్రం ఆ కథలో ఉండదు. కాలేజీలో చేరే ముందు ఒకసారి ధైర్యం చేసి బాపునే అడిగాను. "తిరిగే మిషిన్ నడిమిట్ల ఆపద్దు గదరా" అన్నాడు. అది క్వారీలో చెప్పాల్సిన మాట. రబ్బరు చక్రాలలో బంతి ఇరుక్కుంటే ఎవరి చెయ్యి పోతుంది?

నేను చాలా ఆలోచించాను బాపూ. అలవాటైతే అలవాటని చెప్పు. నీ ఒంట్లో ఆ చెయ్యి లేవడం అంతగా ఇంకిపోయి ఉంటుంది, నేను నమ్ముతాను. ముదీర్ ముందు యంత్రం పాడైతే మమ్మల్ని పంపేస్తాడని భయపడితే అదైనా చెప్పు. ఆ భయం నాకూ ఉంది, తెర వెనక పడుకుని నేనూ ఏడ్చాను. నన్ను నీ దగ్గర ఉంచుకోవడానికే నా మీద బంతులు పడనిచ్చావంటే కూడా, కష్టమే గాని, ఒప్పుకుంటాను. ఏది జరిగినా ఒప్పుకుంటాను. నవ్వితే మాత్రం ఒప్పుకోను.

క్రషర్ మోతకు చెవులు పోయాయని అందరితోనూ అంటావు. పక్కింటి గేటు కిర్రుమంటే ఎవరొచ్చారని నన్నే అడుగుతావు. ఇది నీకు నేనే చదివి వినిపిస్తాను, నీ కుర్చీ పక్కనే కూర్చుని, గట్టిగా. చెల్లెల్ని కూడా పిలుస్తాను. చదవడం అయ్యాక లేచిపోవద్దు, ఫోను చూడొద్దు, పిల్లలను పిలవొద్దు.

స్విచ్చు మీద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చూసినప్పుడు నీ మనసులో ఏముంది? చెప్పు బాపూ.